డకోటా కుడి సీటులో ప్రేమ్ మాథుర్

జక్రాన్‌పల్లి ఎయిర్‌పోర్టు ముచ్చట ఏళ్ల సంది నడుస్తూనే ఉంది. సర్వేలు అయ్యాయి, రిపోర్టులు వచ్చాయి. విమానం మాత్రం దిగలేదు. ఆ మాట వినీ వినీ మన పిల్లల్లో కొందరికి పైలట్ కావాలన్న కోరిక పుట్టింది. ఏం చదవాలె, ఎంత ఖర్చవుతది అని అడుగుతుంటారు. లైసెన్సు ఒకటి, నౌకరీ ఇంకొకటి, కెప్టెన్ కుర్చీ మరొకటి అన్న సంగతి చాలా మందికి తెలియదు. అది తెలియాలంటే ప్రేమ్ మాథుర్ గురించి చెప్పుకోవాలి. ఆమెకు మొదటి నౌకరీ ఇచ్చింది మన హైదరాబాదే.

ఆమె పుట్టింది అలీగఢ్‌లో, పెరిగింది అలహాబాద్‌లో. అక్కడి ఫ్లయింగ్ క్లబ్‌లో విమానం నేర్చుకున్నారు. భయపడి ఇంటికి పోతుందని మొదటి రోజే ఇన్‌స్ట్రక్టర్ ఆకాశంలో పల్టీలు కొట్టించాడని, ఆమె బెదరకపోగా నేర్పమని అడిగారని అంటారు. 1947లో కమర్షియల్ లైసెన్సు చేతికొచ్చింది.

అంతకుముందు మన దేశంలో ఆడవాళ్లు విమానం నడపలేదని కాదు. ఉర్దూ రచయిత్రి హిజాబ్ ఇంతియాజ్ అలీ 1936లోనే లాహోర్‌లో పైలట్ లైసెన్సు తీసుకున్నారు. సరళా థక్రాల్ అదే ఏడు చీర కట్టుకుని ఒంటరిగా ఎగిరారు. కానీ జీతం తీసుకుని ప్రయాణికులను ఎక్కించుకోవడం వేరే సంగతి. ప్రేమ్ మాథుర్ లైసెన్సు పట్టుకుని కంపెనీల చుట్టూ తిరిగితే ఎనిమిది ఎయిర్‌లైన్స్ కాదన్నాయి. నడిపేది ఆడమనిషని తెలిస్తే ప్రయాణికులు ఎక్కుతారా అన్నది వాళ్ల బెంగ. ఆమె పనితనం మీద ఎవరికీ అనుమానం లేదు, అదే విచిత్రం.

తొమ్మిదోది డెక్కన్ ఎయిర్‌వేస్. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసిన నిజాం జమానాలోనే, 1945లో, నిజాం స్టేట్ రైల్వే, టాటాలు కలిసి పెట్టిన కంపెనీ అది. బేగంపేట దాని అడ్డా. వాళ్లు ఆమెను తీసుకున్నారు. అట్లా దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ మన గడ్డ మీది నుంచే డ్యూటీ ఎక్కారు.

ఆ కంపెనీ నడిపినవి డకోటా విమానాలు. ఇది నడపడం ఇప్పటి విమానాల లెక్క కాదు. చిన్న చక్రం తోక కింద ఉంటది కాబట్టి నేల మీద ముక్కు పైకి లేచి, ముందున్న దారి సరిగ్గా కనబడదు. అటూ ఇటూ వంకరగా తిప్పుకుంటూ రన్‌వే దాకా పోవాలి. దిగేటప్పుడు పక్కగాలి కొడితే బండి గిర్రున తిరిగిపోయే ప్రమాదం ఉంది. లోపల గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు లేదు కాబట్టి మబ్బుల పైకి పోలేరు. వానాకాలం దక్కన్ మీద మబ్బుల్లోంచే పోవాలి, అదీ రాడార్ లేకుండా. మ్యాపు, దిక్సూచి, గడియారం, రేడియో, కింద కనబడే రైలు పట్టాలు, చెరువులు. లెక్క తప్పితే దారి తప్పినట్టే.

కుడి సీటులో కో-పైలట్‌గా ఆమె ఈ పనంతా చేశారు. ఇందిరా గాంధీ, లేడీ మౌంట్‌బాటెన్, లాల్ బహదూర్ శాస్త్రి వంటివాళ్లు ఆమె నడిపిన విమానాల్లో ప్రయాణించారు. ప్రయాణికులు భయపడతారన్న మాట అక్కడికే తేలిపోయింది. 1949లో జాతీయ ఎయిర్ రేస్ కూడా గెలిచారు.

కెప్టెన్ కావడానికి కావలసిన గంటలు పూర్తయ్యాయి. ఎడమ సీటు అడిగారు. కంపెనీ ఇవ్వలేదు. ఎనిమిది కంపెనీలు మూసిన తలుపు తెరిచినవాళ్లే లోపలి తలుపు మూశారు. డెక్కన్ ఎయిర్‌వేస్‌ను మెచ్చుకునేటప్పుడు ఈ ముక్క దాచిపెట్టడం న్యాయం కాదు. ఆమె గొడవ పడుతూ కూర్చోలేదు. ఢిల్లీ వెళ్లి పారిశ్రామికవేత్త జి.డి. బిర్లా సొంత విమానానికి పైలట్‌గా చేరారు.

ఇప్పుడైతే పద్ధతి కాగితం మీద సాఫుగా ఉంది. డీజీసీఏ రాత పరీక్షలు, మెడికల్, 200 గంటల ఫ్లయింగ్ ఉంటే కమర్షియల్ లైసెన్సు. ఆ తర్వాత కంపెనీ వాడే విమానానికి ప్రత్యేక శిక్షణ, కుడి సీటు. కెప్టెన్ కావాలంటే 1,500 గంటలు దాటిన వాళ్లకిచ్చే పై లైసెన్సు కావాలి. ఖర్చు లక్షల్లోనే, అది అయినాక కూడా మొదటి నౌకరీ కోసం చూస్తూ కూర్చునే కుర్రాళ్లు ఉన్నారు. మహిళా పైలట్ల శాతంలో మాత్రం మన దేశం ఇవాళ ప్రపంచ సగటుకు రెట్టింపు పైనే ఉంది.

1953లో విమాన కంపెనీలన్నీ జాతీయమై డెక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ప్రేమ్ మాథుర్ 1992లో కన్నుమూశారు. 2008లో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు మారాయి. ఆమె డ్యూటీ ఎక్కిన బేగంపేట రన్‌వే ఇంకా అక్కడే ఉంది.