మైకుకు ప్రాణం పోసిన లీ డి ఫారెస్ట్

తిరునాళ్ళలో, పెళ్ళిపందిళ్ళలో మైకు వినని వాళ్ళు మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఉండరు. ట్రాన్సిస్టర్లు రాకముందు మైకుసెట్లలో ఎర్రగా వెలిగే గాజు వాల్వులు ఉండేవి. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ రేడియో కేంద్రాన్ని మన పెద్దలు మొదట విన్నది కూడా వాల్వు రేడియోల్లోనే. ఆ వాల్వుకు శబ్దాన్ని పెంచే శక్తినిచ్చినవాడు లీ డి ఫారెస్ట్.

ఆయన 1873 ఆగస్టు 26న అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జన్మించాడు. తండ్రి హెన్రీ చర్చి పాస్టరు. 1879లో ఆయన అలబామాలోని టాలడేగా కళాశాలకు అధ్యక్షుడయ్యాడు. బానిసత్వం నుండి బయటపడిన నల్లజాతివారు తమ పిల్లల కోసం 1867లో మొదలుపెట్టిన బడి అది. నల్లవారికి చదువు చెబుతున్నందుకు అక్కడి తెల్లవారు చాలామంది ఆ కుటుంబాన్ని దూరం పెట్టారు. వెలి అంటే ఏమిటో మన హాస్టలు విద్యార్థులకు ఎవరూ వివరించనక్కరలేదు.

కొడుకు పాస్టరు కావాలని తండ్రి కోరిక. కొడుకు మనసంతా యంత్రాల మీద. స్కాలర్‌షిప్పుతో 1893లో యేల్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 1896లో తండ్రి మరణించినా చదువు ఆపలేదు. 1899లో పిహెచ్.డి. పొందాడు.

1906లో ఆయన వాల్వులోని ఫిలమెంటుకు, ప్లేటుకు మధ్య ఒక సన్నని తీగను అమర్చాడు. అదే గ్రిడ్. సాగర్ కాలువ షట్టరును కొంచెం తిప్పితే ఎంతో నీరు అదుపులోకి వచ్చినట్లు, గ్రిడ్ మీది చిన్న వోల్టేజీ పెద్ద కరెంటును నడిపిస్తుంది. 1912లో మూడు వాల్వులను వరుసగా కలిపి, ఒకదాని నుండి వచ్చిన శబ్దాన్ని తరువాతి దానికి అందించి పెంచి చూపాడు.

నేటి డ్రైవర్ స్టేజీకి మూలం ఈ వరుసే. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్.వి.టి. అనే 300 వాట్ల బాస్ గిటారు ఆంప్లిఫయరులో చివర ఆరు పెద్ద వాల్వులుంటాయి. వాటిని నడపడానికి గ్రిడ్లకు పెద్ద వోల్టేజీ కావాలి. శబ్దం బాగా పెరిగినప్పుడు గ్రిడ్లు కరెంటు కూడా లాగుతాయి. ముందున్న స్టేజీ బలహీనమైతే మధ్యనున్న కెపాసిటరు చార్జి అయి, బయాస్ తప్పి, శబ్దం క్షణకాలం మూగబోతుంది. అందుకే కేథోడ్ ఫాలోయరు అనే బలమైన డ్రైవరును పెడతారు. వినేవారికి స్పీకరే కనిపిస్తుంది. నడిపేది మాత్రం వెనుకనున్న డ్రైవరు.

1913లో డి ఫారెస్ట్ పై వాటాల మోసం కేసు నడిచింది. ఆయన వాల్వు ఎందుకూ పనికిరానిదని ప్రభుత్వ న్యాయవాది వాదించాడు. ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. అదే ఏడాది ఎ.టి. అండ్ టి. కంపెనీ ఆ వాల్వు హక్కులను 50,000 డాలర్లకు కొన్నది. దానిని మెరుగుపరచి 1915లో న్యూయార్కు, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య టెలిఫోను మాటలు నడిపించింది.

ఆయనలో లోపమూ ఉంది. తన వాల్వు ఎలా పనిచేస్తుందో ఆయనకే సరిగా తెలియదు. దానిని వివరించినవాడు ఆర్మ్‌స్ట్రాంగ్ అనే యువకుడు. ఇద్దరి మధ్య ఏళ్ళ తరబడి నడిచిన పేటెంటు వ్యాజ్యంలో 1934లో సుప్రీంకోర్టు డి ఫారెస్ట్ వైపు తీర్పిచ్చినా, ఇంజనీర్లలో ఎక్కువమంది ఆర్మ్‌స్ట్రాంగ్‌నే గౌరవించారు. ఎన్నో కంపెనీలు పెట్టి పోగొట్టుకున్న డి ఫారెస్ట్ 1961 జూన్ 30న హాలీవుడ్‌లో మరణించాడు. అప్పటికి ఆయన వద్ద మిగిలిన డబ్బు చాలా తక్కువ.

మిత్రులారా! మనలో చాలామందిమి ఇంట్లో మొదటి తరం చదువరులం. పరీక్షలో మార్కులు వచ్చినంతనే విషయం మన సొంతమైపోదు. చేసిన ప్రయోగం ఎందుకు పనిచేసిందో చెప్పగలిగే వరకు చదువుదాం. మన వెనుక వచ్చే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మంచి డ్రైవర్ స్టేజీలా నిలబడదాం.

— పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (ఎలక్ట్రానిక్స్)