జి.డి. నాయుడు

జి.డి. నాయుడుగా ప్రసిద్ధుడైన గోపాలస్వామి దొరస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) కోయంబత్తూరుకు చెందిన యంత్ర నిర్మాత, పారిశ్రామికవేత్త. భారతదేశపు ఎడిసన్ అని ఈయనకు పేరు. యంత్ర విద్యను ఏ కళాశాలలోనూ అభ్యసించలేదు.

బాల్యం

నాయుడు కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో తెలుగు మాతృభాషగా గల వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. బడి చదువు మూడవ తరగతితోనే ఆగిపోయింది. తరువాత తనంతట తానుగా పుస్తకాలు చదువుకున్నాడు.

మోటారు సైకిలు

ఒక ఆంగ్లేయ రెవెన్యూ అధికారి గ్రామానికి రడ్జ్ మోటారు సైకిలుపై వచ్చినప్పుడు నాయుడు మొదటిసారిగా అటువంటి వాహనాన్ని చూశాడు. దానిని సొంతం చేసుకోవాలన్న పట్టుదలతో కోయంబత్తూరులో ఒక హోటలులో సర్వరుగా పనిచేసి, కూడబెట్టిన 300 రూపాయలతో ఆ వాహనాన్నే కొన్నాడు. కొన్న తరువాత దానిని పూర్తిగా విప్పి, తిరిగి బిగించాడు. నేర్పేవారు లేనప్పుడు పాత యంత్రాన్ని తెలుసుకోవడానికి ఇంతకు మించిన మార్గం లేదు. విప్పిన క్రమానికి విలోమంగా బిగించుకుంటూ వస్తే ఏ భాగం దేనికోసమో దానంతట అదే తెలుస్తుంది. ఈ అనుభవంతోనే ఆయన మెకానిక్ అయ్యాడు.

మోటారు రవాణా

1920లో రాబర్ట్ స్టేన్స్ సహాయంతో ఒక బస్సును సమకూర్చుకొని పొల్లాచి - పళని మధ్య తానే నడిపాడు. ఆయన స్థాపించిన యూనివర్సల్ మోటార్ సర్వీస్ (యు.ఎం.ఎస్.) 1933 నాటికి 280 బస్సుల సంస్థగా ఎదిగింది.

విద్యుత్ మోటారు

1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి పీలమేడులో తయారు చేసిన విద్యుత్ మోటారును భారతదేశంలో తయారైన మొదటి మోటారుగా పేర్కొంటారు. మోటారు ఇరుసును తరిమెన (లేత్ యంత్రం) మీద పట్టాలి. తరిమెనలో ఉలి నిలకడగా ఉంటుంది, లోహపు కడ్డీ తిరుగుతుంది. ఇరుసు వెంట్రుకవాసి వంకర పోయినా మోటారు లోపలి భాగాలు ఒరుసుకుంటాయి.

మోటారు రాక తరిమెన పనినీ మార్చింది. అంతకు ముందు కార్ఖానాలలో పైకప్పు కింద ఒకే పొడవాటి ఇరుసు తిరుగుతూ, తోలు పట్టాల ద్వారా అన్ని యంత్రాలనూ నడిపేది. వేగం మార్చాలంటే పట్టాను మెట్ల కప్పీపై ఒక మెట్టు నుండి మరొక మెట్టుకు జరపాలి. యంత్రానికొక మోటారు వచ్చాక పట్టాల అడవి అంతరించింది.

నాయుడు ఇతర ఆవిష్కరణలలో బ్యాటరీతో నడిచే రసంత్ క్షౌర యంత్రం ముఖ్యమైనది. 1952లో రెండు సీట్ల పెట్రోలు కారును తయారు చేసినా, ప్రభుత్వ అనుమతి లభించక ఉత్పత్తి ఆగిపోయింది.

సాంకేతిక విద్య

1945లో నాయుడు తోడ్పాటుతో కోయంబత్తూరులో మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. నాయుడు ప్రిన్సిపాలుగా పనిచేశాడు. నాలుగేళ్ళ చదువులో కాలం వృథా అవుతున్నదనీ, రెండేళ్ళు చాలుననీ ఆయన అభిప్రాయం. ప్రభుత్వం అంగీకరించకపోవడంతో పదవికి రాజీనామా చేశాడు. సిద్ధాంత భాగానికి రెండేళ్ళు చాలవన్న వాదనలోనూ బలం లేకపోలేదు, అయితే విద్యార్థి యంత్రం మీద చేయి వేయకుండానే పట్టా పుచ్చుకోవడంపై ఆయన ఆక్షేపణ నేటికీ వర్తిస్తుంది. ఆ కళాశాలే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల (జి.సి.టి.).

మరణం, స్మృతి

నాయుడు 1974 జనవరి 4న మరణించాడు. ఆయన పేరిట కోయంబత్తూరులో అవినాశి రహదారిపై ప్రదర్శనశాల ఉంది. అదే రహదారిపై నిర్మించిన 10.1 కిలోమీటర్ల వంతెనకు 2025 అక్టోబరులో ఆయన పేరు పెట్టారు.