మోక్షగుండంవారి దినచర్య

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో మనవాళ్ళు అన్నిటికన్న శ్రద్ధగా వినేది ఆదాయ వ్యయాలు. ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని పంతులుగారు చదువుతూ ఉంటే ఇంటిల్లిపాదీ వేళ్ళు మడిచి లెక్క చూసుకుంటారు. ఐతే ఆ లెక్క ఏడాదికొక్కసారి వినేది. ఆదాయ వ్యయాలను ప్రతిదినమూ, డబ్బుకే గాక గడియారపు గంటలకూ కాలువ నీటికీ కూడా చూసుకున్న ఒక మహనీయుని జీవితాన్ని ఈ సంచికలో మన కుటుంబాలకు చెప్పాలని సంకల్పం. ఆయన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు.

మైసూరు దివానుగా, కృష్ణరాజసాగరం కట్టించిన ఇంజనీరుగా ఆయన పేరు వినని ఇల్లు కర్ణాటకంలో లేదు. సెప్టెంబరు 15న, ఆయన పుట్టినరోజున, ఇంజనీర్ల దినం జరుపుతారు. ఆనకట్టల సంగతి మన పిల్లలకు బడిలో చెబుతారు. కాని నీరు పారించే రైతుల అలవాటును ఆయన మార్చబూనిన సంగతి అంతగా చెప్పరు. సింధనూరు, మాన్వి తాలూకాలలో కాలువనే నమ్ముకుని బ్రతుకుతున్న మనకు అది మిగతా అన్నిటికన్న ముఖ్యం.

ఆయన కూడా ఒక విధంగా మనవంటి వలస కుటుంబంలోనివారే. వారి పూర్వికులు కంభం ప్రాంతంలోని మోక్షగుండం గ్రామస్థులు. వారు మైసూరు రాజ్యానికి తరలివచ్చి చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దేనహళ్ళిలో స్థిరపడ్డారు. ఊరు వదిలినా ఊరిపేరు ఇంటిపేరై నిలిచింది. ఇంట్లో తెలుగు నిలిచింది, వీధిలోకి కన్నడం వచ్చింది. మన క్యాంపులలోని ఇళ్ళ తీరూ ఇంతే గదా! తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మగారు. పాండిత్యమున్న ఇల్లేగాని కలిగిన ఇల్లు కాదు. చిన్నతనంలోనే తండ్రి గతించగా, బెంగుళూరులో మేనమామగారి అండ చూసుకుని, ఇతరుల పిల్లలకు పాఠాలు చెప్పి తన చదువు తాను గడుపుకున్నారు. 1881లో సెంట్రల్ కాలేజీలో బి.ఏ. పట్టా పుచ్చుకున్నారు. మైసూరు ప్రభుత్వపు విద్యార్థి వేతనంతో పూనా వెళ్ళి, 1883లో ఇంజనీరింగు పరీక్షలో మొదటివారుగా నెగ్గారు. మరుసటి ఏడే బొంబాయి రాష్ట్రపు పబ్లిక్ వర్క్సు శాఖలో ఉద్యోగం.

ఆయన దినచర్యను గురించి కన్నడదేశంలో కథలు చాలా ఉన్నాయి. ప్రభుత్వపు కొవ్వొత్తి ఆర్పి సొంత కొవ్వొత్తి వెలిగించుకున్నారనే కథ అందరికీ తెలిసినదే. పిల్లలకు చెప్పడానికి అటువంటి కథలు బాగుంటాయి. కాని పెద్దలకు అంతకన్న పనికివచ్చేవి ఆయనలోని సాదా సంగతులు. అన్నమాట ప్రకారం అన్న వేళకు హాజరవడం, మితభోజనం, క్రమం తప్పని నడక, ఇస్త్రీ నలగని దుస్తులు, తలపై మైసూరు పేట. సభకు పోయే ముందు అక్కడ మాట్లాడబోయే విషయాన్ని కాగితంమీద పెట్టుకుని గాని బయలుదేరేవారు కారు. ఇందులో ఏ ఒక్కటీ గొప్పవిద్య కాదు, డబ్బు ఖర్చయ్యేదీ కాదు. వీటిని డెబ్బయి ఎనభై ఏళ్ళపాటు విడవకుండా పాటించడమే కష్టం. మనవాళ్ళలో ఎరువుల దుకాణం పెట్టినవారు, రైసుమిల్లు నడిపేవారు ఎందరో ఉన్నారు. పది గంటలకని చెప్పి పన్నెండుకు తలుపు తీసే దుకాణానికి రెండోసారి ఎవరు వస్తారో వారికే తెలుసు.

ఇక నీటి సంగతి. బొంబాయి రాష్ట్రంలో పూనా చుట్టుపక్కల మెరక దేశంలో ముఠా, నీరా కాలువలు ఉన్నాయి. అక్కడి రైతు అలవాటు ఇలా ఉండేది. వానలు బాగున్న ఏడు జొన్నకూ సజ్జకూ కాలువ నీరు అక్కరలేదనేవాడు. వానలు ముఖం చాటేసిన ఏడు అందరూ ఒక్కసారే నీటికి ఎగబడేవారు. చేతిలో పెట్టుబడి ఉన్నవారు చెరకు వేసి, ఎక్కడపడితే అక్కడ, ఏడాది పొడుగునా నీరు పెట్టేవారు. చెరకు చేలు కాలువ వెంట చెదురుమదురుగా ఉండడంవల్ల ప్రతి చేనికీ వేరే బోదె, ప్రతి బోదెలోనూ ఇంకిపోయే నీరు. ఒకే నేలలో ఏటా నీరు నిలిచి ఊట పట్టేది, చౌడు తేలేది, దోమలు ముసిరి జ్వరాలు వచ్చేవి. నీరు అందిన రైతుకు నేల చెడింది, నీరు అందని రైతుకు పైరు ఎండింది.

1899లో విశ్వేశ్వరయ్యగారు దీనికొక పద్ధతి ఆలోచించారు. దానిని బ్లాకు పద్ధతి అంటారు. కాలువ కింద అనువైన నేలను ముక్కలుగా, అంటే బ్లాకులుగా ఏర్పరచడం. ఒక్కొక్క బ్లాకులో సుమారు మూడోవంతు మాత్రమే చెరకువంటి ఎక్కువ నీటి పైరు. తక్కినది తక్కువ నీటితో పండేవీ మెట్టపైర్లూ. మరుసటి ఏడు చెరకు పక్కభాగానికి జరుగుతుంది, ఆ తరువాతి ఏడు మూడో భాగానికి. దానితో నేలకు విశ్రాంతి దొరుకుతుంది, ఊట తగ్గుతుంది, నీరు ఎక్కువ గ్రామాలకు పంచవచ్చు. దీనికి బదులుగా రైతుకు ప్రభుత్వం కొన్ని సంవత్సరాలపాటు నీరు తప్పక ఇస్తామని మాట ఇస్తుంది. ఏటా అధికారి చుట్టూ తిరగనక్కరలేదు.

ఇంత చక్కని పద్ధతిని రైతులు నెత్తిన పెట్టుకున్నారనుకుంటే పొరపాటు. మొదట గట్టిగా ఎదిరించారు. మా నేలలో మేమేం వేయాలో సర్కారు చెప్పడమేమిటన్నారు. పత్రికలు కూడా వారి పక్షాన రాశాయి. ఆ అనుమానం అన్యాయమైనదని నేననను, ఎందుకంటే సర్కారు నీటి పన్ను పెంచుకోవడానికే కొత్త పద్ధతులు తెస్తుందని ఆ కాలపు రైతుకు అనుభవం. విశ్వేశ్వరయ్యగారు ఉత్తర్వు పంపి ఊరుకోలేదు. రైతులను కలిసి, షరతులు వివరించి, ఆదాయ వ్యయాల లెక్కలు చూపి ఒప్పించారు. 1901లో నియమించిన భారత నీటిపారుదల సంఘం ముందు కూడా ఈ పద్ధతిని నివేదించారు. ఆయన కట్టిన కట్టడాలు అనేకం ఉన్నా, రాయి, సున్నం లేకుండా ఆయన చేసిన ఈ పని వాటిలో దేనికీ తీసిపోదని నా అభిప్రాయం.

1898లో సెలవు పెట్టి జపాను వెళ్ళి చూసివచ్చారు. ఆ తరువాత యూరపు, అమెరికాలు పలుమార్లు తిరిగారు. ఎక్కడికి పోయినా అక్కడి యంత్రాలతోపాటు అక్కడి మనుషులు పొద్దున్న లేచింది మొదలు ఏం చేస్తారో కనిపెట్టేవారు. ఒక దేశం ధనవంతం కావడానికీ ప్రజల నిత్యపు అలవాట్లకూ సంబంధమున్నదని ఆయన జీవితాంతం వాదించారు.

పై పదవి భారతీయుడికి దక్కదని తెలిసి 1908లో బొంబాయి కొలువు విడిచారు. ఆ ఏడే సెప్టెంబరులో హైదరాబాదులో మూసీ పొంగి వేలమంది ప్రాణాలు పోయాయి. నిజాం ప్రభుత్వం కోరగా 1909లో హైదరాబాదు వచ్చి, వానల లెక్కలు, వరద లెక్కలు సేకరించి, నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టాలని నిర్ణయించారు. అవే తరువాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అయ్యాయి. అప్పుడు మన రాయచూరు కూడా నిజాం రాజ్యంలోనిదే. ఆ ఏడాది చివర మైసూరు చీఫ్ ఇంజనీరయ్యారు, 1912లో దివాను అయ్యారు. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, గంధపునూనె, సబ్బు కర్మాగారాలు ఆయన హయాములోవే. ఆ బ్యాంకు 2017లో స్టేట్ బ్యాంకులో కలిసిపోయేవరకు మనలో ఎంతోమందికి పంట అప్పులిచ్చింది. వెనుకబడిన కులాలకు ఉద్యోగాలు ప్రత్యేకించే విషయంలో మహారాజావారితో భేదాభిప్రాయం వచ్చి 1918లో దివానుగిరీ వదులుకున్నారు. ఆ విషయంలో మహారాజావారి మాటే న్యాయంగా తోస్తుంది. గొప్పవారి ప్రతి అభిప్రాయాన్నీ మోయవలసిన పని లేదు.

వ్యాపారస్థులు తెలుసుకోవలసిన ఘట్టం భద్రావతి ఇనుప కర్మాగారం. బొగ్గుగనులు దూరం గనుక అడవి కర్రబొగ్గుతో ఇనుము తీసే కర్మాగారమది. నష్టాలలో కూరుకుపోయి ఉండగా 1923లో దాని అధ్యక్షత విశ్వేశ్వరయ్యగారికి అప్పగించారు. 1929 వరకు ఆయన అక్కడ చేసినది మంత్రమేమీ కాదు. ఖర్చులు పద్దు పద్దుగా చూడడం, వృథా అయ్యేచోట ఆపడం, పనివారికి పని నేర్పడం. తనకు రావలసిన ప్రతిఫలాన్ని తాను తీసుకోక బెంగుళూరులో వృత్తివిద్యాలయం స్థాపించడానికి ఇచ్చివేశారు. చేతిపని నేర్చిన కుర్రవాళ్ళు లేకుండా కర్మాగారాలు నిలవవని ఆయన నమ్మకం.

1951లో తన ఉద్యోగ జీవితపు జ్ఞాపకాలను గ్రంథంగా ప్రకటించారు. 1955లో భారతరత్న వచ్చింది. 1960లో దేశం ఆయన శతజయంతి జరిపి తపాలా బిళ్ళ వేసింది. 1962 ఏప్రిల్ 14న బెంగుళూరులో కాలధర్మం చెందారు.

ఆయన బ్రతికి ఉండగానే, 1953లో, హోసపేట దగ్గర తుంగభద్ర ఆనకట్ట పూర్తయింది. మన క్యాంపుల కథ అక్కడ మొదలైంది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి మన తాతలు వచ్చి, ఇక్కడ చవకగా దొరికిన నల్లరేగడి కొని, జాలితుప్పలు నరికి, మట్టి చదును చేసి మళ్ళు కట్టారు. వారి కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కాని వారు బండిమీద సామానుతోపాటు డెల్టా అలవాటును కూడా తెచ్చారు. అదేమంటే మడిలో నీరు నిలిచి ఉంటేనే మనసు కుదుటపడడం. మనం మాగాణి, మెట్ట అనేవాటిని ఇక్కడి దస్తావేజులలో తరి, ఖుష్కి అన్నారు. మాట మారింది గాని చేయి మారలేదు.

ఎడమ కాలువను రూపొందించినవారు ఎక్కువ భాగం ఆరుతడి పైర్లకే నిర్ణయించారు. జొన్న, పత్తి, వేరుశనగవంటివి. వరికి ఇచ్చిన భాగం కొద్ది. కరువు ప్రాంతంలో ఎక్కువ గ్రామాలకు కాస్త కాస్త నీరు అందాలని వారి ఉద్దేశం. ఒక ఎకరం వరికి పట్టే నీటితో రెండు మూడు ఎకరాల ఆరుతడి పండుతుంది. మనం వరి వేశాం, మనల్ని చూసి స్థానిక రైతులూ వేశారు, మిల్లులు వచ్చాయి, ఊళ్ళు పెరిగాయి. సింధనూరు ఈనాడు ఇంత పట్నమైందంటే అందులో వరి పాలు పెద్దది. కాని కాలువ పైభాగంలో నేలలు ఊటపట్టి చౌడుబారాయి. చివరిభాగంలో, మాన్వి, రాయచూరు వైపు, తూములకు నీరు రాక ఏటేటా రోడ్లమీద ధర్నాలు. నూట ఇరవై ఏళ్ళకు పూర్వం నీరా కాలువ కింద విశ్వేశ్వరయ్యగారు చూసిన రోగం ఇదే గదా! అక్కడ చెరకు, ఇక్కడ వరి.

జలాశయం కూడా మొదటివలె లేదు. కట్టినప్పుడు సుమారు 133 టి.ఎం.సి.లు పట్టేది, పూడిక చేరి 2016 సర్వేనాటికి సుమారు 105కు దిగింది. 2024 ఆగస్టు 10 రాత్రి పందొమ్మిదో గేటు కొట్టుకుపోయినప్పుడు, స్టాప్‌లాగు అమర్చేదాకా మన ఇళ్ళలో ఎవరికీ నిద్ర లేదు. ఆ వారం రోజులూ మనం పడ్డ భయాన్ని చివరి ఆయకట్టు రైతు ప్రతి ఏడూ పడుతున్నాడు.

ఇప్పుడు చేయగలిగినవి లేకపోలేదు. 2009లో ఏర్పడిన రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంవారు నారు, దమ్ము లేకుండా పొడినేలలో విత్తనం వెదబెట్టే వరిని ఈ ఆయకట్టులో ప్రచారం చేశారు. దమ్ము ఖర్చు, నాట్లకూలీ మిగులుతాయి. కలుపు బెడద మాత్రం ఎక్కువ, దానికి సిద్ధపడి దిగాలి. వెదకు ఒప్పనివారు మడిలో చిల్లుల గొట్టం పాతి, నీరు నేలకు సుమారు ఆరంగుళాల కిందికి దిగాక మళ్ళీ తడి పెట్టవచ్చు. పూత సమయంలో మాత్రం తడి తప్పించరాదు. చౌడు తేలిన మళ్ళలో ఊటనీరు తీసివేసే గొట్టాలు వేయడం మరొక మార్గం. దానికి మాత్రం పెట్టుబడీ పొరుగువాడి సమ్మతీ రెండూ కావాలి.

పోతే, మన సంఘంవారికి ఒక్క మనవి. ఈ ఏడు కాలువకు నీరు వదలకముందే క్యాంపు క్యాంపుకూ ఒక నోటుబుక్కు కొని తూముకాపరి చేతికి ఇవ్వండి. ఏ తేదీన ఏ గంటకు తూము తెరిచారు, ఎప్పుడు మూశారు, ఎన్ని ఎకరాలకు పారింది అనే మూడు గడులు చాలు. పంట చేతికి వచ్చాక ఆ పుస్తకాలు తీసుకుని దిగువ ఊళ్ళ కన్నడ రైతులతో ఒక పూట కూర్చోవచ్చు. వారి దగ్గరా అటువంటి పుస్తకమే ఉంటే మాటలు తేలికౌతాయి.