విషాదాంతం అంటే ఏంటో నేర్పిన బళ్లారి వకీలు

నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ కూడా మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నాను. అందుకే క్లబ్ వాళ్లు ధర్మవరం రామకృష్ణమాచార్యుల గురించి రాయమన్నప్పుడు ముందు ఒక ఎక్సెల్ షీట్ ఓపెన్ చేశాను. ఒక కాలమ్‌లో తెలియని మాట, పక్కన అర్థం. ఆయన ‘విషాద సారంగధర’ మొదలుపెట్టిన రోజే 40 వరుసలు నిండిపోయాయి.

ఆచార్యులవారు 1853లో పుట్టారు. బళ్లారిలో వకీలుగా స్థిరపడ్డారు. ఆ ఊరు ఇప్పుడు కర్ణాటకలో ఉంది, అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. పగలు కోర్టు, మిగతా టైమంతా నాటకం. సరస వినోదిని సభ అని సంస్థ పెట్టి, నాటకాలు రాసి, ఆడించి, తానూ వేషం కట్టారు. నలుడి కథతో రాసిన ‘చిత్రనళీయం’ బాగా పేరు తెచ్చింది. అదే ఊళ్లో ఇంకో వకీలు, కోలాచలం శ్రీనివాసరావుగారు, సుమనోరమ సభ నడిపేవారు. అంటే ఒకే ఊళ్లో రెండు టీములు! తర్వాత గొప్ప నటుడైన బళ్లారి రాఘవ మన ఆచార్యులవారి మేనల్లుడే.

ఇక నా షీట్ సంగతి. అంకం అంటే అంకె అనుకున్నాను, కాదు, నాటకంలో ఒక భాగం. నాంది అంటే మొదట్లో వచ్చే ప్రార్థన. భరతవాక్యం అంటే రాముడి తమ్ముడి డైలాగ్ అనుకున్నాను. నవ్వకండి. చివర్లో అందరికీ మంచి జరగాలని చెప్పే పద్యం అది. ఆ పేరు నాట్యశాస్త్రం రాసిన భరతముని వల్ల వచ్చిందని కొందరంటారు.

అసలు విషయం ముగింపులో ఉంది. సంస్కృత నాటక సంప్రదాయంలో కథ శుభంగా ముగియాలి. సారంగధరుడి పాత కథలో కూడా, సవతి తల్లి చిత్రాంగి నింద వేస్తే రాజరాజనరేంద్రుడు కొడుకు కాళ్లు చేతులు నరికిస్తాడు, కానీ ఒక సిద్ధుడు మళ్లీ తెప్పిస్తాడు. ఆచార్యులవారు ఆ ఓదార్పు ఇవ్వలేదు. దుఃఖంతోనే తెర దించేశారు. అందుకే తెలుగులో తొలి విషాదాంత నాటకకర్తగా ఆయన్ని చెప్తారు.

గ్రీకు ట్రాజెడీ గురించి చదివేటప్పుడు హమార్షియా అనే మాట వస్తుంది. దానికి తెలుగు మాట కోసం రెండు రోజులు వెతికాను. దోషం అంటే పాపంలా ఉంది, లోపం అంటే సరిపోలేదు. ఇక్కడ తప్పు కొడుకుది కాదు. కొడుకు మాట వినకుండా శిక్ష వేసిన తండ్రిది. చివరికి ‘తొందరపాటు’ అని రాసుకున్నాను. అనగ్నోరిసిస్‌కి ‘తెలిసిరావడం’. రాజుకి నిజం తెలిసొస్తుంది, కానీ ఆలస్యంగా.

కథార్సిస్ వరుస మాత్రం ఖాళీగా ఉండిపోయింది. ఆదివారం ఫోన్‌లో నానమ్మకి ఈ కథ చెప్పాను. ఆవిడకి పాత కథ తెలుసు, చివర్లో చేతులొస్తాయి కదా అంది. ఈ నాటకంలో రావు నానమ్మా అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, మీ నాన్న మాట్లాడాడా, వాణ్ణి ఒకసారి ఫోన్ చెయ్యమను అంది. ఆ వరుసలో ఏం రాయాలో ఇంకా తేల్చుకోలేదు గానీ, అర్థం మాత్రం తెలిసింది.

ఆచార్యులవారు 1912లో పోయారు. ఆయన్ని ఆంధ్ర నాటక పితామహుడు అంటారు. నా షీట్ ఇప్పుడు 212 వరుసలు. కావాలంటే అడగండి, షేర్ చేస్తాను.