బూటులో పెట్టిన పద్యం



డిసెంబర్ వచ్చిందంటే పిల్లలు క్లాసులో సీక్రెట్ శాంటా చీటీలు తీస్తారు. ఆ సాయంత్రం నుంచే మీకు తిప్పలు మొదలు. ఏం కొనాలి, ఎంతలో కొనాలి, అందరి గిఫ్ట్‌ల మధ్య మనది చిన్నగా కనిపిస్తుందేమో అన్న బెంగ. అందుకే ఈ నెల మీకు ఒక అమ్మాయి గురించి చెప్పాలనుకున్నాను. పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ ఇంగ్లీష్ పుస్తకం ‘ఫస్ట్ ఫ్లైట్’లో ఆమె డైరీ నుంచి ఒక పాఠం ఉంది. క్లాసులో వాగుతోందని లెక్కల టీచర్ ఆమె చేత వ్యాసాలు రాయించిన కథ అది. ఆమె ఇచ్చిన కానుకల సంగతి మాత్రం ఆ పాఠంలో లేదు.

అన్నే ఫ్రాంక్ 1929 జూన్ 12న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టింది. నాన్న ఒట్టో, అమ్మ ఎడిత్, మూడేళ్ళు పెద్దదైన అక్క మార్గోట్. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాక యూదులకు అక్కడ బతుకు కష్టమైంది. ఒట్టో నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌కి వెళ్ళి, జామ్ తయారీలో వాడే పెక్టిన్ అమ్మే వ్యాపారం పెట్టారు. ఇంట్లో అందరికంటే ఆఖరున, 1934 ఫిబ్రవరిలో, అన్నే అక్కడికి చేరింది. అప్పుడే మార్గోట్ పుట్టినరోజు. నాలుగేళ్ళ అన్నేని బల్ల మీద కూర్చోబెట్టి అక్కకి పుట్టినరోజు కానుకగా ఇచ్చారు.

డచ్ వాళ్ళ ఇళ్ళలో డిసెంబర్ గిఫ్ట్‌ల సందడి క్రిస్మస్ కంటే ముందే, 5వ తేదీ సాయంత్రం జరుగుతుంది. దాని పేరు సింటర్‌క్లాస్. ఇప్పటి టర్కీలో ఉన్న మైరా ఊరికి ఒకప్పుడు బిషప్‌గా ఉన్న సెయింట్ నికొలస్ పేరు మీద వచ్చిన పండుగ ఇది. ఆయన స్పెయిన్ నుంచి ఓడలో వస్తాడని పిల్లలకు చెప్తారు. పిల్లలు పడుకునే ముందు బూటు బయట పెట్టి, అందులో ఆయన గుర్రానికి క్యారెట్ ఉంచుతారు. తెల్లారేసరికి ఆ బూటులో మిఠాయి ఉంటుంది. డచ్ వాళ్ళు అమెరికాకి వలస వెళ్ళినప్పుడు ఈ పేరు కూడా వాళ్ళతో వెళ్ళింది. అదే శాంటాక్లాజ్ అయింది.

పెద్దవాళ్ళ పద్ధతి వేరు. మన పిల్లల్లాగే పేర్ల చీటీలు తీస్తారు. కానీ గిఫ్ట్‌తో పాటు ఒక పద్యం రాయాలి. ప్రాస కుదరాలి, ఆ మనిషి అలవాట్లను కాస్త ఆటపట్టించాలి. కింద సంతకం సింటర్‌క్లాస్‌ది. గిఫ్ట్ అందుకున్నవాళ్ళు ఆ పద్యాన్ని అందరి ముందు పైకి చదవాలి.

1940 మే నెలలో జర్మనీ సైన్యం నెదర్లాండ్స్‌ని ఆక్రమించింది. యూదు పిల్లలను వేరే బడులకు పంపేశారు. పార్కులు, సినిమా హాళ్ళు, ట్రాములు ఒక్కొక్కటిగా వాళ్ళకు మూసుకుపోయాయి. 1942లో పదమూడో పుట్టినరోజుకి అన్నేకి గళ్ళ అట్ట ఉన్న డైరీ వచ్చింది. నెల తిరక్కుండానే, జూలై 6న, ఆ కుటుంబం ఒట్టో ఆఫీసు వెనక భాగంలో ఉన్న గదుల్లో దాక్కుంది. తర్వాత మరో నలుగురు వచ్చి చేరారు. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆ ఎనిమిది మంది గుమ్మం దాటి బయటికి రాలేదు. పగలు కింద పనివాళ్ళకు వినపడకుండా అడుగు తీసి అడుగు వేయాలి.

ఆఫీసులో పనిచేసే మీప్, బెప్, కూగ్లర్, క్లైమన్ వాళ్ళకు తిండీ పుస్తకాలూ తెచ్చేవారు. అన్నేకి సినిమా తారలంటే ఇష్టమని కూగ్లర్ ప్రతి సోమవారం ఒక సినిమా పత్రిక తెచ్చి ఇచ్చేవారు. 1942 డిసెంబర్‌లో మీప్, బెప్ కలిసి సింటర్‌క్లాస్‌కి ఒక పెద్ద బుట్ట అలంకరించి పెట్టారు. అందులో ఒక్కొక్కరికీ చిన్న గిఫ్ట్, దానికి తగిన పద్యం.

మరుసటి ఏడాదికి కొనడానికి ఏమీ లేదు, వెళ్ళడానికి దారీ లేదు. పండుగను అలా వదిలేయడానికి మాత్రం అన్నేకి మనసొప్పలేదు. వారం ముందే నాన్నతో రహస్యంగా కూర్చుని ఒక్కొక్కరికీ ఒక పద్యం రాయడం మొదలుపెట్టింది. 1943 డిసెంబర్ 5 ఆదివారం రాత్రి ఎనిమిది కావస్తుండగా బట్టలు వేసే పెద్ద బుట్ట ఒకటి పైకి వచ్చింది. గులాబీ, నీలం రంగు కార్బన్ కాగితాలతో బొమ్మలూ రిబ్బన్ ముడులూ చేసి దాన్ని అలంకరించారు. లోపల చూస్తే అందరి బూట్లూ ఉన్నాయి! ఎవరి బూటు వాళ్ళు తీసుకుంటుంటే నవ్వులే నవ్వులు. ప్రతి బూటులో ఆ మనిషి పేరు రాసిన చిన్న కాగితపు పొట్లం, అందులో పద్యం.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఆ గదుల్లో అందరికీ అందరితో పడేది కాదు. అమ్మతో అన్నేకి తరచూ గొడవలే. ఆమె గదిలోనే ఉండే పంటి డాక్టర్‌తో ఒక చిన్న బల్ల ఎవరు ఎంతసేపు వాడుకోవాలన్న దాని మీద పెద్ద తగాదా జరిగింది. అయినా ఎవరి బూటూ ఖాళీగా లేదు. పద్నాలుగేళ్ళ పిల్ల తనకు నచ్చనివాళ్ళ గురించి కూడా కూర్చుని ఆలోచించింది.

1944 ఆగస్టు 4న పోలీసులు వాళ్ళను పట్టుకున్నారు. అన్నే, మార్గోట్ 1945 మొదటి నెలల్లో బెర్గెన్-బెల్సెన్ క్యాంపులో చనిపోయారు. అప్పటికి అన్నేకి పదిహేనేళ్ళు. ఎనిమిది మందిలో తిరిగి వచ్చింది ఒట్టో ఒక్కరే. నేల మీద చెల్లాచెదురుగా పడి ఉన్న డైరీని, కాగితాలను ఏరి దాచిపెట్టిన మీప్, అన్నే ఇక రాదని తెలిశాక వాటిని ఆయన చేతిలో పెట్టారు. 1947లో అది పుస్తకంగా వచ్చింది. ఆ రాత్రి బూట్ల ముచ్చట మనకు తెలిసింది కూడా ఆ డైరీ వల్లే.

ఈ డిసెంబర్ మీ ఇంట్లో

పోయిన ఏడాది నా క్లాసులో గిఫ్ట్‌తో పాటు నాలుగు లైన్లు రాయమన్నాను. ఒక బాబు అరగంట ఖాళీ కాగితం ముందు కూర్చున్నాడు. చీటీలో పేరు వచ్చిన పిల్లాడితో మూడేళ్ళుగా ఒకే సెక్షన్‌లో ఉన్నా, వాడి గురించి తనకేమీ తెలియదని అప్పుడే తెలిసింది. మర్నాడు లంచ్‌లో వెళ్ళి వాడి పక్కన కూర్చున్నాడు.

మీరూ ఒక సాయంత్రం ఇంట్లో అందరి పేర్లతో చీటీలు వేయండి. అమ్మమ్మ, తాతయ్య, బాబాయి, ఎవరినీ వదలొద్దు. తెలుగైనా ఇంగ్లీషైనా నాలుగు లైన్లు రాయమనండి. సంతకం వద్దు. స్పెల్లింగ్ తప్పులు మీరు దిద్దొద్దు, ఆ పని నాకు వదిలేయండి. రాసింది చెప్పులో పెట్టి, రాత్రి భోజనాలయ్యాక అందరి ముందు చదివించండి. మీ అబ్బాయి మిమ్మల్ని ఇన్నాళ్ళూ ఎంత గమనించాడో ఆ నాలుగు లైన్లలో మీకే తెలుస్తుంది.