ఫార్‌స్టరు దేశాటనము

మన సమాజమున విద్యార్థమై విదేశములకు బోవు యువకులు నానాటికి హెచ్చుచున్నారు. చూచిన దెల్ల వెంటనే వ్రాసి ప్రకటింపవలెనను తొందరయు వారిలో మేము గమనించితిమి. కావున ఈ సంచికయందు మన దేశమును జూచి నవల వ్రాసిన యొక ఆంగ్లేయుని చరిత్రమును దెలుపనెంచితిమి.

ఎడ్వర్డు మోర్గన్ ఫార్‌స్టరు 1879వ సంవత్సరము జనవరి 1వ తేదీన లండను నగరమున జన్మించెను. రెండేండ్లు నిండకమునుపే తండ్రి గతించెను. నాయనమ్మ యక్కగారు విడిచిన 8,000 పౌనుల ధనము ఆయన చదువునకును జీవనమునకును ఆధారమయ్యెను. కేంబ్రిడ్జి విద్య ముగిసిన పిమ్మట 1901లో తల్లితోగూడ ఇటలీదేశమునకు బోయెను. అచ్చటి సాన్ జిమిన్యానో యను పురాతన పట్టణమే, 1905లో వెలువడిన ఆయన మొదటి నవలలో మాంటెరియానో యను పేర గానవచ్చును.

హిందూదేశముతోడి సంబంధ మొక శిష్యునివలన గలిగెను. సర్ సయ్యదు అహమ్మదుఖానుగారి పౌత్రుడు సయ్యదు రాస్ మసూదు 1906లో ఈయనయొద్ద లాటిను భాష నేర్చుకొనెను. ఆ గురుశిష్యభావము త్వరలోనే గాఢమైత్రిగా మారెను. 1912 అక్టోబరులో ఫార్‌స్టరు మన దేశమునకు వచ్చెను. మసూదు అప్పుడు పాట్నా చెంతనున్న బంకీపురమున న్యాయవాదిగా నుండెను. నవలలోని చంద్రపూరునకు ఆ యూరే మాతృక. 1913 జనవరిలో గయాప్రాంతమందలి బరాబరు కొండల గుహలను ఫార్‌స్టరు చూచెను. అశోకచక్రవర్తి ఆజీవకులకు దానమిచ్చిన గుహ లవి. నల్లరాతి గోడలు అద్దమువలె మెరయును. లోపల పలికిన మాట మారుమ్రోగును. ఫార్‌స్టరు ఆ నునుపును ప్రతిధ్వనిని గైకొని, శాసనములను లోమశఋషి గుహాద్వారముననున్న శిల్పమును విడిచిపెట్టి, చరిత్రలేని మారబారు గుహలను సృజించెను. అశోకుని దొలగించుట మొదట మాకు కష్టముగా దోచినది. కాని అర్థములేని యా మ్రోత చేతనే కదా కథలోని వృద్ధురాలి విశ్వాసము సడలినది! శాసనము చదువుకొన వీలున్నచో ఆ భయము పుట్టదు.

1913లోనే నవల నారంభించెనుగాని కొన్ని ప్రకరణములకు పిమ్మట కలము నిలిచిపోయెను. నడుమ యుద్ధకాలమును ఈజిప్టులో గడపెను. 1921లో దేవాసు మహారాజగు మూడవ తుకోజీరావుగారికి ఆంతరంగిక కార్యదర్శిగా మరల వచ్చెను. దేవాసు ఉజ్జయినికి అనతిదూరమున నున్నది. మేఘుని దారి తప్పించియైన ఉజ్జయినికి బంపిన కాళిదాసు ఆ పురమున వసించియుండునని పండితు లూహింతురు. ఫార్‌స్టరు విషయమున ఊహతో పనిలేదు. ఆ సంవత్సరము శ్రావణమాసమున మహారాజు దేవుని యెదుట పాడుచు నాడుచు జరిపిన గోకులాష్టమి నాయన కన్నులార జూచెను. నవలయొక్క మూడవ భాగమంతయు ఆ యుత్సవమే. దాని గందరగోళమునకు నవ్వెను, రాజుగారి భక్తికి కరగెను. అయినను గాడ్‌బోలే యను బ్రాహ్మణుని పాత్రలో ఆ కరగుటకంటె నవ్వే హెచ్చుగా నున్నదని మా యభిప్రాయము.

వింత యేమనగా, వెంట దెచ్చిన వ్రాతప్రతిని ఈ దేశముననే ముగింపదలచిన యాయనకు, ఎదుటనున్న దేశము ముందు తాను వ్రాసినది వాడిపోయినట్లు కనబడెను. ఒక్క ప్రకరణమైన సాగలేదు. ఆ యేటి చివర హైదరాబాదునకు బోయి, నిజాము ప్రభుత్వమున విద్యాశాఖాధ్యక్షుడుగా నున్న మసూదును గలసికొని, 1922లో స్వదేశము చేరెను. చూచినది కంటికి దూరమైన పిమ్మట కలము కదలెను. లియొనార్డు వుల్ఫు మొదలగు మిత్రుల ప్రోత్సాహమును దోడ్పడెను. మొదలిడిన పదునొకండేండ్లకు, 1924లో, ఎ పాసేజ్ టు ఇండియా వెలువడెను. దానిని మసూదునకు అంకితమిచ్చెను.

ఆ తరువాత నలువదియారేండ్లు జీవించియు ఫార్‌స్టరు మరియొక నవలను ప్రకటింపలేదు. 1945లో జయపురమున జరిగిన రచయితల సమావేశమునకు మూడవమారు మన దేశమునకు వచ్చెను. మసూదు 1937లోనే మరణించియుండెను. ఫార్‌స్టరు 1970 జూన్ 7వ తేదీన కవెంట్రీ నగరమున మిత్రుల యింట కాలధర్మము నొందెను.