బాటే గురువైన సాధువు

మేడారం జాతరకు ములుగు మీదుగా నడిచివెళ్లే భక్తులకు దైవచింతన గద్దెల వద్ద కాదు, దారిలోనే ఆరంభమవుతుంది. అలా దారినే గురువుగా స్వీకరించిన క్రైస్తవ సాధువు సుందర్ సింగ్.

ఆయన 1889లో పంజాబులోని రాంపూర్‌లో సిక్కు కుటుంబంలో జన్మించారు. కుమారుడు సాధువు కావాలన్నది తల్లి ఆకాంక్ష. ఆమె మరణం ఆ బాలుని హృదయాన్ని కలచివేసింది. శాంతిని అన్వేషిస్తూ 1905లో సిమ్లాలో క్రైస్తవం స్వీకరించారు. ఇల్లు దూరమైంది. అయినా తల్లి కోరినట్లే కాషాయం ధరించి, పాదరక్షలు లేకుండా ఊరూరా సంచరించారు.

రైల్వేస్టేషన్‌లో ఎండకు సొమ్మసిల్లిన బ్రాహ్మణుడొకరు పరాయి కప్పులోని నీటిని నిరాకరించి, తన సొంత పాత్రలో పోయగానే స్వీకరించిన సంఘటనను ఆయన తరచూ చెప్పేవారు. క్రీస్తు బోధ కూడా ఈ దేశపు పాత్రలోనే అందాలని అందులో గ్రహించారు.

మరొక అనుభవమూ ఆయన వివరించినదే. టిబెట్ దారిలో మంచు తుపానులో మరో బాటసారితో వెళుతుండగా, కొనవూపిరితో పడివున్న మనిషి కనిపించాడు. తన ప్రాణమే దక్కదన్న భయంతో తోటి బాటసారి సాగిపోయాడు. సుందర్ సింగ్ ఆ అభాగ్యుని వీపున మోశారు. ఆ శ్రమలో పుట్టిన వేడిమే ఇద్దరినీ బ్రతికించింది. ముందు వెళ్లినవాడు చలికి గడ్డకట్టి, దారిలో విగతజీవుడై కనిపించాడు. తన ప్రాణాన్నే చూసుకునేవాడు దానినే కోల్పోతాడన్న క్రీస్తు బోధకు అర్థం ఆయనకు అక్కడ అనుభవమైంది.

1929లో మళ్లీ టిబెట్‌కు బయలుదేరిన ఆ సాధువు తిరిగి రాలేదు. మన యాత్రలోనూ దారిపక్క అలసి కూలబడినవారు ఎదురవుతారు. వారికి భుజమివ్వడం యాత్రకు ఆటంకం కాదు, అదే యాత్రాఫలం.